ఉమాకాంతం లాగిన గేలం

జగ్గయ్యపేట మెయిన్ బజారులో ఉమాకాంతం దుకాణంలో దొరకని తాడు లేదనేవారు. పురికొస, నవారు, కొబ్బరి మోకులు, టార్పాలిన్లు, బావి గిలకలు అన్నీ ఉండేవి. వాటి మధ్య ఒక అద్దాల పెట్టెలో వలదారం ఉండలూ, సైజుల వారీగా గేలాలూ ఉండేవి. కృష్ణ ఒడ్డు వాళ్ళూ, పాలేటి ఒడ్డు వాళ్ళూ వచ్చి కొనుక్కుపోయేవారు. గేలాలు అమ్మడం ఆ ఇంటికి తండ్రి కాలం నుంచీ వస్తున్న వ్యాపారం. కానీ చేపల బుట్ట వీధిలో పోతుంటే ఉమాకాంతం భార్య చూడామణి లేచి కిటికీ మూసేది. వైశ్యుల ఇల్లు, ఉల్లిపాయ కూడా కార్తీకమాసంలో గడప దాటి రాదు. తండ్రి ఇరవై ఏళ్ళు వాసవీ అమ్మవారి గుడి కమిటీలో ఉన్నాడు. ఆయన పోయాక ఆ స్థానం కొడుక్కి ఇచ్చారు.

తొంభై మూడు వేసవిలో ఇశ్రాయేలు అనే చేపలు పట్టే మనిషి దుకాణానికి వచ్చాడు. ముక్త్యాల దగ్గర ఏటి ఒడ్డున ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకి మాడిన ముఖంతో ఉంటాడు. గుప్పిట్లోంచి నాలుగు గేలాలు తీసి బల్ల మీద పోశాడు. నాలుగూ వంపు పోయి సాగిపోయి ఉన్నాయి.

"షావుకారుగారూ, ఇయ్యి గేలాలా, గుండుసూదులా? కొర్రమీను ఒక్క గుంజు గుంజితే ఇట్టా అయిపోతన్నాయి."

"నువ్వు లాగడంలో తేడా ఉందేమో ఇశ్రాయేలూ. ఇంకెవరూ ఈ మాట అనలేదు."

"అయితే మీరే వచ్చి చూడండి. ఆదివారం ప్రార్థన అయ్యాక రేవులో ఉంటా."

నవ్వులాటకే అన్నాడు. కానీ ఉమాకాంతం నిజంగానే వెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం సెలవు. ఇంట్లో వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళొస్తానని చెప్పి స్కూటరు తీశాడు. గుడికి వెళ్ళాడు కూడా. పది నిమిషాల్లో దణ్ణం పెట్టుకుని, కుంకుమ పొట్లం జేబులో వేసుకుని, అక్కణ్ణించి రేవుకి పోయాడు.

ఏటి పక్కన నీరు నిలిచే, జనం అంతగా రాని మడుగులో, తామరాకుల అంచున, ఇశ్రాయేలు వెదురు బొంగుతో గేలం వేసి కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఉమాకాంతానికి కాసేపు విసుగ్గానే ఉంది. అంతలో నీళ్ళు ఒక్కసారి గుడగుడమని ఉబ్బాయి. బొంగు విల్లులా వంగింది. ఇశ్రాయేలు పాదాలు బురదలో నాటుకుని, పళ్ళు బిగించి, లాగుతూ వదులుతూ, మోచెయ్యంత కొర్రమీనుని ఒడ్డుకి తెచ్చాడు. నల్లటి ఒళ్ళు, పాము తల, రెండు వైపులా మెరిసే మచ్చలు. ఉమాకాంతం గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, దుకాణంలో కూర్చున్న పద్నాలుగేళ్ళలో అలా కొట్టుకున్న గుర్తు ఆయనకి లేదు.

నాలుగో ఆదివారానికి బొంగు ఆయన చేతిలో ఉంది.

ఆ తరవాత నాలుగేళ్ళు, వానలూ పెళ్ళిళ్ళూ అడ్డం రాని ప్రతి ఆదివారం ఆయన వేదాద్రి వెళ్ళాడు. ఇంట్లో అందరూ ఆయనకి భక్తి పెరిగిందనుకున్నారు. హైదరాబాదు సరుకుకి వెళ్ళినప్పుడు ఒక ఫైబరు కర్రా, తిప్పితే దారం చుట్టుకునే రీలూ కొన్నాడు. వాటిని ఇశ్రాయేలు, ఎవరివో భార్యకి కూడా చెప్పకుండా, తన ఇంట్లో చూరు కింద దాచేవాడు. పాత హవాయి చెప్పుని కోసి, కప్ప ఆకారంలో చెక్కి, పొట్ట కింద రెండు గేలాలు కట్టి, వెనక రెండు రబ్బరు కాళ్ళు వేలాడదీశాడు. అది నీటి మీద చప్పుడు చేస్తూ పాకుతుంటే కొర్రమీను నిజం కప్పనుకుని ఎగిరి పట్టేది. ఇశ్రాయేలు ఆ కప్పని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ పాత చెప్పుకున్నపాటి తెలివి నా ఎర్రలకి లేకపోయిందండి" అన్నాడు.

పట్టిన చేపని ఉమాకాంతం నీళ్ళలో వదిలెయ్యబోయేవాడు.

"వదిలేసేదానికి పట్టడం ఎందుకండి?"

"నేను తినను కదా."

"నేను తింటాగా!" అని ఇశ్రాయేలు బుట్టలో వేసుకునేవాడు.

కానీ ఒకసారి మాత్రం ఇశ్రాయేలే వదలమన్నాడు. నీటి మీద ఎర్రగా, ముద్దలా, వేల పిల్లలు కదులుతుంటే వాటి కింద కాపలా ఉన్న తల్లి చేప కప్పని పట్టింది. "వదిలెయ్యండి షావుకారుగారూ. ఇది లేకపోతే గంటలో ఆ పిల్లలన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి. కోపంతో పట్టిందిగానీ ఆకలితో కాదు." ఉమాకాంతం గేలం తీసి దాన్ని రెండు చేతులా నీళ్ళలో పట్టుకుని, తోక ఆడించేదాకా ఆగి వదిలాడు.

నీళ్ళ దగ్గర ఎలా మసలుకోవాలో ఇశ్రాయేలు అలాగే, పనిలో పనిగా చెప్పేవాడు. సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే ఆ రోజు పుట్టి దించేవాడు కాదు. పుట్టి అంటే గుండ్రటి బుట్టలాంటి తోలు పడవ; ఇద్దరెక్కితే మోకాళ్ళు తగులుతుంటాయి. అందులో గాలి నింపిన లారీ ట్యూబు లేకుండా ఉమాకాంతాన్ని ఎక్కనిచ్చేవాడు కాదు, ఆయనకి ఈత రాదు కాబట్టి. "పుట్టిలో నిలబడొద్దు. విసిరే ముందు వెనక ఎవరున్నారో ఒకసారి చూసుకోండి. గేలానికి చేపా మనిషీ తేడా తెలవదు." ఒకసారి తన బొటనవేలికి గుచ్చుకుంటే చూపించాడు కూడా. గేలం కొసన వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. లోపలికి పోవడం తేలిక, వెనక్కి లాగితే కండ ఊడొస్తుంది. "దారం కోసేసి అట్టాగే డాక్టరు దగ్గరికి పోవాలండి. లాగకూడదు." ఆ మాట ఉమాకాంతం స్పష్టంగా విన్నాడు. ఈ కథలో అది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆయనకి తెలియక జరిగింది కాదు.

తొంభై ఏడు నవంబరులో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలప్పుడు, ఇద్దరూ పుట్టిలో మడుగు మధ్యకి వెళ్ళారు. ఇశ్రాయేలు తెడ్డు పట్టుకుని వెనక కూర్చున్నాడు. అవతలి రెల్లు పక్కన పెద్ద కొర్రమీను పైకి లేచి గాలి పీల్చుకుని మునిగింది. నాలుగేళ్ళలో అంత చేపని ఉమాకాంతం చూడలేదు. మళ్ళీ లేస్తుందని తెలుసు. దూరం ఎక్కువ. మోకాళ్ళ మీదకి లేచి, అదీ చాలక సగం నిలబడి, కర్రని బలంగా వెనక్కి తిప్పాడు. వెనక్కి చూడలేదు.

కర్ర ముందుకి రాలేదు. ఏదో పట్టినట్టు ఆగింది.

తిరిగి చూసేసరికి రబ్బరు కప్ప ఇశ్రాయేలు ముఖం మీద వేలాడుతోంది. రెండు గేలాల్లో ఒకటి ఎడమ కంట్లో ఉంది. ఇశ్రాయేలు కేక వెయ్యలేదు. తెడ్డు వదిలేసి, రెండు చేతులూ గాల్లో చాపి, తల కదపకుండా, చాలా మెల్లగా అన్నాడు.

"లాగొద్దండి. దారం కొయ్యండి. లాగొద్దు."

కత్తి ఉమాకాంతం కాళ్ళ దగ్గరే ఉంది. దారం కోసి, కప్పని అలాగే ఉంచి, ఒడ్డుకి చేర్చి, స్కూటరు మీద పేటకి తీసుకుపోవాలి. బజారు మధ్యలోంచి, ఆ కప్ప ముఖానికి వేలాడుతుండగా తీసుకుపోవాలి. ఎవరిదిరా ఇది అని అడుగుతారు. డాక్టరు అడుగుతాడు. చూడామణికి తెలుస్తుంది. గుడి కమిటీకి తెలుస్తుంది. ఇదంతా ఆలోచించడానికి ఆయనకి పట్టిన సమయం రెండు ఊపిరులు. తరవాత ఎన్నో ఏళ్ళు ఆ రెండు ఊపిరుల్నే ఆయన మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ఎడమ చేత్తో ఇశ్రాయేలు నుదురు పట్టుకుని, కుడి చేత్తో లాగేశాడు.

అప్పుడు అరిచాడు ఇశ్రాయేలు.

పేటలో డాక్టరు చూడగానే కట్టు కట్టి, ఇక్కడ కాదు, బెజవాడ తీసుకెళ్ళమన్నాడు. అద్దె కారు మాట్లాడుకుని బయల్దేరారు. ఇశ్రాయేలు తల సీటుకి ఆనించి, తుండుగుడ్డ అదిమి పట్టుకుని పడుకున్నాడు. నందిగామ వస్తుండగా నోరు విప్పాడు.

"ఎవరన్నా అడిగితే తుమ్మ ముల్లు గుచ్చుకుందని చెప్తానండి. మీరు గుడికొచ్చి నన్ను చూసి ఎక్కించుకున్నారని చెప్తా. మీ ఇంట్లో తెలిస్తే బాగోదు."

వద్దు అనడానికి ఉమాకాంతానికి నందిగామ నుంచి బెజవాడ దాకా టైముంది. కీసర వంతెన దాటారు, పరిటాల దాటారు, ఇబ్రహీంపట్నం దాటారు. అనలేదు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"ఏం గుచ్చుకుందన్నారు?"

"తుమ్మ ముల్లండి," అన్నాడు ఇశ్రాయేలు.

"ముల్లైతే ఇలా చీరుకుపోదు. ఏదైనా సరే, దాన్ని లాగిందెవరు? అలాగే ఉంచి తెచ్చుంటే ఎంతో కొంత చూపు నిలబెట్టేవాళ్ళం."

ఉమాకాంతం గోడ వైపు చూస్తున్నాడు.

"నేనేనండి," అన్నాడు ఇశ్రాయేలు. "నొప్పికి ఆగలేక నేనే లాక్కున్నా."

ఎడమ కన్ను పోయింది.

మర్నాడు పొద్దున బస్సు దిగి వచ్చిన ఇశ్రాయేలు భార్య సువార్త, ఆస్పత్రి వరండాలో ఉమాకాంతం కాళ్ళు పట్టుకుంది. "మిమ్మల్ని ఆ దేవుడే అటు పంపించాడండి. మీరు లేకపోతే ఈయన ఆ మడుగు దగ్గరే పడి ఉండేవోడు." ఉమాకాంతం వంగి, ఆమె చేతులు తీసి, లేపి నిలబెట్టాడు. ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నాడు. దాంతో ఆయన పేరు ఇంకా పెరిగింది. ముక్కూ ముఖం తెలియని పేదవాణ్ణి కారెక్కించి బెజవాడ తీసుకెళ్ళాడని పేటంతా చెప్పుకున్నారు. ఉగాదికి వర్తక సంఘం వాళ్ళు సభ పెట్టి శాలువా కప్పారు. కప్పించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ శాలువాని బీరువా అడుగున పెట్టి, ఎంత చలి వేసినా తియ్యలేదు.

ఆ తరవాత ఆయన చేపలకి వెళ్ళలేదు. ఇశ్రాయేలు మాత్రం వెళ్ళక తప్పదు కదా. ఒక కంటితో దూరం అంచనా తప్పేది. వల వేస్తే అనుకున్న చోట పడేది కాదు. రేవు మెట్టు ఉందనుకుని అడుగేసి రెండుసార్లు పడ్డాడు. ఎప్పుడన్నా దుకాణానికి వస్తే, "ఏంటండీ, బొత్తిగా రావడం మానేశారు? మీ కర్ర మా చూరు కింద బూజు పట్టుద్ది" అనేవాడు. ఆ ఆప్యాయత ఉమాకాంతానికి భరించరానిదిగా ఉండేది. ఆయన భయపడి కంగారులో లాగేశాడని ఇశ్రాయేలు నమ్మకం. అందుకే అంత తేలిగ్గా మన్నించాడు. ఉమాకాంతం ఆ నమ్మకం మీద బతుకుతున్నాడు.

గేలాలు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఒక పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. విసిరే ముందు వెనక్కి చూడు. పక్కన మనిషి ఉంటే అసలు విసరకు. కళ్ళకి అద్దాలు పెట్టుకో, చలవ అద్దాలైనా సరే. గుచ్చుకుంటే లాగొద్దు. కొందరికైతే గేలం కొసన ఉన్న ముల్లుని ఆకురాయితో అరగదీసి ఇచ్చేవాడు. "చేప జారిపోద్ది కదండి" అని వాళ్ళు గొణిగేవారు. "జారితే జారనీ" అనేవాడు. చాలామంది గేలాలు వేరే కొట్లో కొనుక్కోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు భోజనం క్యారేజీ తెచ్చిన చూడామణి ఈ పాఠం విని నిలబడిపోయింది. కొన్నవాడు వెళ్ళాక అడిగింది.

"ఏవండీ, ఇవన్నీ మీకెలా తెలుసు?"

"అమ్మేవాళ్ళం, తెలుసుకోకపోతే ఎలా?"

ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళింది.

రెండువేల నాలుగులో ఇశ్రాయేలు రేకుల కప్పు తీసేసి స్లాబు వేసుకున్నాడు. కొత్తింట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. సువార్త స్వయంగా దుకాణానికి వచ్చి పిలిచింది.

"అమ్మగారితో రావాలండి. పాస్టరుగారు మీ చేత రెండు మాటలు చెప్పిస్తానన్నారు. ఆ రోజు ఈయన మీకెట్టా కనబడ్డాడు, మీకెట్టా ఆపాలనిపించింది, అది మీ నోటితో చెప్తే చాలు. దాన్ని మేం సాక్ష్యం అంటాం."

ఉమాకాంతం వెళ్ళకూడదనుకున్నాడు. చూడామణి ఒప్పుకోలేదు. "అంత అభిమానంగా పిలిస్తే వెళ్ళకపోవడం ఏం మర్యాద?" అని తనే ముందు తయారైంది.

కొత్త సున్నం వాసన వేస్తున్న గదిలో ముప్పై నలభై మంది చాపల మీద కూర్చున్నారు. ఉమాకాంతం దంపతులకి మాత్రం కుర్చీలు వేశారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరు ఆయన్ని పిలిచాడు. ఉమాకాంతం లేచి నిలబడ్డాడు. ముందు వరసలో ఇశ్రాయేలు ఒక్క కంటితో నవ్వుతూ చూస్తున్నాడు. వద్దు లెండి, ఏదో ఒకటి చెప్పి కూర్చోండి అన్నట్టుంది ఆ నవ్వు.

"ఆయన కంట్లో గుచ్చుకుంది ముల్లు కాదు," అన్నాడు ఉమాకాంతం. "గేలం. నేను విసిరిందే. నేను నాలుగేళ్ళపాటు ఈయనతో కలిసి చేపలు పట్టా. ఎవరికీ తెలియకుండా పట్టా. ఆ రోజు వెనక్కి చూడకుండా విసిరా."

ఇశ్రాయేలు నవ్వు ఆగలేదు, కానీ చెయ్యి ఎత్తి చాలన్నట్టు ఊపాడు. "పోన్లెండి షావుకారుగారూ. కంగారులో జరిగింది."

"కంగారు కాదు ఇశ్రాయేలూ. లాగొద్దన్నావు నువ్వు. నాకు వినపడింది. కత్తి కాళ్ళ దగ్గరే ఉంది. ఆ కప్పతో నిన్ను బజారులోంచి తీసుకెళ్తే నా సంగతి బయటపడుద్దని లాగా. ఆలోచించే లాగా."

ఇశ్రాయేలు చెయ్యి అలాగే గాల్లో ఆగింది. తరవాత ఒళ్ళో పడింది.

"భయపడ్డారనుకున్నానండి," అన్నాడు. "ఇన్నేళ్ళూ... పాపం భయపడ్డారనుకున్నా."

లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, జనం మధ్యలోంచి దారి చేసుకుని బయటకి వెళ్ళిపోయాడు. సువార్త ఉమాకాంతాన్ని చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. భర్త వెనకే వెళ్ళింది. పాస్టరు ఏం చెయ్యాలో తెలియక బైబిలు తెరిచి, మళ్ళీ మూశాడు.

తిరిగి వస్తున్నప్పుడు స్కూటరు వెనక కూర్చున్న చూడామణి ఊరు దగ్గరపడ్డాక ముందుకి వంగింది.

"చేపల సంగతి నాకు తెలుసు," అంది చివరికి. "మొదటి ఏడాదే మీ చొక్కా మడతలో పొలుసు దొరికింది. వేదాద్రి కుంకుమ పొట్లంలో కూడా నీచు వాసనే. మీకు అదొక్కటే సరదా, పోనీలే అనుకున్నా. అడిగితే మానేస్తారని అడగలేదు."

ఉమాకాంతం స్కూటరు పక్కకి తీసి ఆపాడు.

"మరి ఇది?"

"ఇది తెలీదండి," అంది చూడామణి. "ఇది నాకు తెలీదు." చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తూ ఉండిపోయింది.

పేటలో కథ వారంలో పాకింది. కమిటీ వాళ్ళు అడగకముందే ఆయన తప్పుకున్నాడు. వైశ్యుడై ఉండి చేపలు పట్టాడట అని రెండు నెలలు చెప్పుకున్నారు. కన్ను గురించి అంతగా ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలల తరవాత ఎవరో మిల్లు యజమాని దివాలా తీసి ఐపీ పెట్టాడు, జనం ఆ సంగతిలో పడ్డారు. తను ఏడేళ్ళు భయపడింది ఇంతేనా అని ఉమాకాంతానికి అనిపించింది. ఈ రెండు నెలల మాటలు తప్పించుకోవడానికి ఒక మనిషి కన్ను తీసేశాడు. ఆ లెక్క తెలిశాక ఆయనకి అన్నం సహించడం తగ్గింది. చెప్పేస్తే బరువు దిగుతుందని ఎక్కడో విన్నాడు. దిగలేదు. ఇశ్రాయేలుకి ఉన్న ఒక్క ఓదార్పు కూడా తనే లాగేశానని కొత్తగా ఇంకో బరువు చేరింది.

ఇశ్రాయేలు దుకాణానికి రావడం మానేశాడు. ఏడాదిన్నర ఉమాకాంతం కూడా అటు వెళ్ళలేదు. వెళ్ళమన్నది చూడామణే. "ఆయన తిడితే తిట్టించుకుని రండి. తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉండాలిగా."

రెండువేల ఆరు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వెళ్ళాడు. ఇశ్రాయేలు ఇంటి ముందు వేపచెట్టు నీడలో చిరిగిన వల పరుచుకుని కూర్చున్నాడు. చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఉమాకాంతం చెప్పులు విప్పి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"క్షమించానని చెప్పమని వచ్చారాండి?" అన్నాడు ఇశ్రాయేలు, వల మీంచి తల ఎత్తకుండా.

"లేదు."

"చెప్పమంటే చెప్తా. ఆదివారం ఆదివారం అదే చదువుతాంగా. కానీ ఇప్పుడు చెప్తే అబద్ధం అవుద్ది. మీ కోసం ఒకసారి ఆడా అబద్ధం. ఇంక ఆడలేను."

"ఆడొద్దు."

"చెప్పకుండా ఉంటే బాగుండేదని కోపం వచ్చుద్ది ఒక్కోరోజు. ఏడేళ్ళ ముందు చెప్పుంటే బాగుండేదని ఒక్కోరోజు. ఇంకోరోజు ఏమీ గుర్తుండదు, మీరు మామూలుగా గుర్తొస్తారు." సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఒక్క కంటికి సూది బెజ్జం అందలేదు. రెండుసార్లు తప్పింది. ఉమాకాంతం చెయ్యి చాపలేదు. తనంతట తాను చాపే హక్కు లేదనుకున్నాడు. మూడోసారి కూడా తప్పాక ఇశ్రాయేలే సూదినీ దారాన్నీ ఆయన వైపు చాచాడు. ఉమాకాంతం దారం ఎక్కించి ఇచ్చాడు.

"ఆ కొస లాగి పట్టుకోండి, వదులైతే ముడి పడదు."

ఆయన వల అంచు పట్టుకున్నాడు. ఇశ్రాయేలు వలలో ఒక్కో కన్నూ వేలితో తడిమి చూసుకుంటూ, చిరిగిన చోటల్లా ముడి వేస్తూ వచ్చాడు. కాసేపటికి సువార్త గడప దాటి వచ్చి, ఇద్దరి మధ్యా రెండు టీ గ్లాసులు పెట్టి, ఉమాకాంతం వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. టీ చల్లారేదాకా ఇద్దరి చేతులూ ఖాళీ కాలేదు.